పదకొండు ముళ్ళ టార్పాలిను

ఆదివారం, అక్టోబరు 16, 2022
నార్త్ బేకి ఉత్తరాన, సరస్సు ఒడ్డు

చిరంజీవి దుర్గకు అన్నయ్య దీవించి రాయునది.

ఫోనులో మనం మాట్లాడుకున్న ప్రతిసారీ ఎక్కడో ఒకచోట మాట బెడిసికొడుతోంది. పోయిన వారం బావగారు నీ చేతిలోంచి ఫోను తీసుకుని, "ఒక్క చలికాలం చూద్దాం బావా, ఆ తర్వాత మా బేస్‌మెంటు ఎక్కడికీ పోదుగా" అన్నప్పుడు నేను ఫోను పెట్టేశాను. అందువల్ల ఇకపై ముఖ్యమైన సంగతులన్నీ ఉత్తరంలోనే రాయాలని నిర్ణయించుకున్నాను. కాగితం మీద మాట తొందరపడదు. నకలు కూడా నా దగ్గర ఉంటుంది.

ఉద్యోగం వివరాలు అడిగావు. సరస్సు అవతలి ఒడ్డున బెర్నార్డ్ గారివి తొమ్మిది వేసవి కాటేజీలు ఉన్నాయి. చలికాలంలో అటువైపు రోడ్డు మీద మంచు తీయరు. సరస్సు గడ్డకట్టాక దాని మీదుగా ఐదు కిలోమీటర్లు వెళ్ళాలి. ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం వెళ్ళి ఒక్కొక్క కాటేజీలో హీటరు పనిచేస్తోందా, నీళ్ళ పైపులు పగిలాయా అని చూసి, థర్మామీటరు ఫోటో తీసి ఆయనకు పంపాలి. నాకు సొంత స్నోమొబైల్ ఉండాలనీ, రెండు రౌండ్లు తప్పితే పని వేరొకరికి పోతుందనీ ఒప్పందంలో రాసి ఉంది. చదివి సంతకం పెట్టాను.

దుర్గా, ఈ దేశంలో నా పేరు చూసి ఇచ్చిన మొదటి ఉద్యోగం ఇది. వేర్‌హౌస్ పని బావగారి మాట మీద వచ్చింది. దానికి ముందు పెట్రోలు బంకు పనీ అంతే. నలభై ఆరో ఏట రాత్రి బడిలో కుర్రవాళ్ళ మధ్య కూర్చుని చదివి తెచ్చుకున్న పన్నెండో తరగతి సర్టిఫికెట్‌ను బెర్నార్డ్ గారు రెండు చేతులతో పట్టుకుని చదివారు. ఈ పని నిలబెట్టుకోలేకపోతే నేను మళ్ళీ మీ బేస్‌మెంటు మెట్లు దిగాలి. అది జరగకూడదు.

ఇక స్నోమొబైల్. గ్వెల్ఫ్‌లో సుబ్బరాజు గారి దగ్గర కొన్న రోజున మూడుసార్లు స్టార్ట్ చేయించాను. మూడుసార్లూ స్టార్టరు తాడు ఒక్క లాగుకే ఇంజను అందుకుంది. ఛాసిస్ నంబరు రాసుకున్నాను. మీ గ్యారేజీలో టార్పాలిను కప్పి పదకొండు ముళ్ళు నా చేత్తోనే వేశాను. డిసెంబరు మొదటి వారంలో బావగారి కంపెనీ లారీ ఇటు వచ్చేటప్పుడు దానిని పంపాలి. అంతవరకు ఎవరూ ఆ టార్పాలిను విప్పరాదు. ఎవరూ అంటే ఎవరూ.

మీ వదిన వృద్ధుల ఆశ్రమం వంటగదిలో కుదురుకుంది. వాళ్ళకు చారు అలవాటు చేస్తోంది.

నీ మేలు కోరే
కోదండరామ్


గురువారం, అక్టోబరు 27, 2022
బ్రాంప్టన్

అన్నయ్యకు, వదినకు దుర్గ నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. మా ఇంటికి బిల్లు కాకుండా చేత్తో చిరునామా రాసిన కవరు వచ్చి ఎన్నేళ్ళయిందో. మీ బావ సంగతి తెలుసుగా, తను చదవరు, నేను చదువుతుంటే భోజనం చేస్తూ వింటారు. బేస్‌మెంటు మాట దగ్గర తలెత్తి, "అది కూడా రాశాడా! సరదాకి అన్నానే బాబూ" అన్నారు. రెండు కాటేజీల మధ్య ఎంత దూరం, గాలి ఎటునుంచి వీస్తుంది అని అడిగారు. నాకేం తెలుసు?

దసరా బాగా జరిగింది. మీరిద్దరూ లేని లోటు తప్ప. రూప చీర కట్టుకుంది, ఫోటోకి మాత్రమే. అమ్మవారికి దండం పెట్టమంటే "గివ్ మీ ఎ సెకండ్, మామ్" అంటూ ఫోనులో ఏదో పూర్తిచేసి వచ్చింది.

నీ మంచుబండి గ్యారేజీలో క్షేమంగా ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. నువ్వు అంత గట్టిగా రాయనక్కర్లేదు. పొద్దున్నే కారు తీసేటప్పుడు దాన్ని చూస్తే మూలన దుప్పటి కప్పుకుని నువ్వే కూర్చున్నట్టుంటుంది.

బేస్‌మెంటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. ఇద్దరు ముగ్గురు వచ్చి చూశారు. మీ బావ "ఇప్పుడే కాదు" అని పంపేశారు. ఎందుకంటే చెప్పరు.

వదినకి గోంగూర పంపుతున్నాను. రెండు సీసాలూ సంచీలో చుట్టాను, లారీలో బండితోపాటు వస్తాయి. చలికి చెవులు కప్పుకో. నీకు చెవిపోటు తొందరగా వస్తుంది.

నీ చెల్లెలు
కనకదుర్గ


మంగళవారం, డిసెంబరు 6, 2022
సరస్సు ఒడ్డు

దుర్గకు,

గోంగూర క్షేమంగా చేరింది. స్నోమొబైల్ చేరింది కాని, క్షేమంగా అని రాయలేను.

శనివారం లారీ డ్రైవరు దించి వెళ్ళాడు. ముందుగా ముళ్ళు చూశాను. పదకొండే ఉన్నాయి. కాని అవి నేను వేసినవి కావు. నేను తాడును రెండుసార్లు తిప్పి కొసను లోపలికి దోపుతాను, పత్తి బోరాలు కట్టేటప్పుడు నేర్చుకున్న పద్ధతి అది. ఇవి చీర కొంగుకు వేసే ముళ్ళలా ఉన్నాయి. లెక్క సరిపోయేలా పదకొండూ వేయడానికి ఎవరో శ్రమ తీసుకున్నారు. లెక్క సరిచూసే మనిషిని నేనని తెలిసినవారే ఆ పని చేసి ఉండాలి.

బండి పదిహేడోసారి తాడు లాగాక స్టార్ట్ అయింది. నల్లటి పొగ వచ్చింది. వేగం పెంచితే గొంతు పట్టుకున్నట్టు మూలిగి ఆగిపోతోంది. స్పార్క్ ప్లగ్గులు తీసి చూస్తే మసి, తడి. కొత్తవి వేశాను. పది నిమిషాల్లో అవీ అలాగే అయ్యాయి. పాత పెట్రోలు తోడేసి కొత్తది పోశాను. మార్పు లేదు. మాన్యువల్ మొత్తం రెండుసార్లు చదివాను.

ఛాసిస్ నంబరు సరిపోయింది. కనుక బండిని మార్చలేదు. కాని లోపలి భాగాలు మార్చడానికి ఛాసిస్ నంబరు అడ్డురాదు కదా. మంచి కార్బురేటరు తీసి పాతది బిగించి ఉండవచ్చు. ఆ గ్యారేజీ తాళం ఎవరెవరి దగ్గర ఉంటుంది? అక్టోబరు, నవంబరు నెలల్లో సుబ్బరాజు గారు మీ ఇంటికి వచ్చారా? బావగారు ఆ బండిని ఎవరికైనా చూపించారా? ఈ మూడింటికీ వేర్వేరుగా జవాబు రాయి.

ఇంకొకటి. బేస్‌మెంటు ఎందుకు ఖాళీగా ఉంచుతున్నారో నీకు చెప్పలేదన్నావు. అది నాకు ఆశ్చర్యం కలిగించింది. బావగారు ఏదీ ఊరికే ఖాళీగా ఉంచే మనిషి కారు.

సరస్సు గడ్డకట్టింది. వచ్చే మంగళవారం మొదటి రౌండు.

జవాబు కోసం చూసే
కోదండరామ్


సోమవారం, డిసెంబరు 12, 2022
బ్రాంప్టన్

అన్నయ్యా,

నీ ఉత్తరం ముందు నేనొక్కదాన్నే చదువుకున్నాను. బల్ల దగ్గర చదివేటప్పుడు కొన్ని వాక్యాలు మింగేశాను. ఇన్నేళ్ళ కాపురంలో మీ బావకి అది పట్టుకోవడం వచ్చేసింది.

"మధ్యలో ఏం వదిలేశావ్?" అన్నారు.

"ఏం లేదండీ, బండి పొగ వస్తోందట."

"పొగ గురించి రాసినప్పుడు నీ మొహం అలా పెట్టుకోవు."

ఇక దాచలేకపోయాను. మొత్తం విన్నారు. కంచంలో చెయ్యి కడుక్కుని గ్యారేజీ తాళంచెవి తెచ్చి నా ముందు పెట్టి, "ఇదొక్కటే ఉంది. మీ అన్నకి రాయి" అన్నారు. అప్పటికప్పుడు సుబ్బరాజు గారికి ఫోన్ చేశారు. ఆయన నొచ్చుకున్నారు. "వీరభద్రంగారూ, ఆ బండి నాలుగేళ్ళు నా బిడ్డలా చూసుకున్నా. చెడిపోయిందంటే నేను నమ్మను" అన్నారట. ఆయన మా ఇంటికి రాలేదు. మీ బావ బండిని ఎవరికీ చూపించలేదు. ఇవి నీ మూడు జవాబులు.

ముళ్ళ సంగతి నాకు తెలీదు. లారీ కుదుపులకి వదులై డ్రైవరు మళ్ళీ బిగించాడేమో.

మీ బావ శనివారం బయల్దేరి వస్తానన్నారు. "ఇద్దరం కలిసి విప్పి చూస్తే తేలిపోతుంది. బావ ఒక్క మాట రమ్మంటే చాలు" అన్నారు. రమ్మంటావా? పిలవందే రావడానికి ఆయనకీ పౌరుషం ఉంది కదా. ఫోన్ చేసినా సరే, మెసేజ్ పెట్టినా సరే.

అక్కడ మెకానిక్ ఎవరూ లేరా?

దుర్గ


ఆదివారం, డిసెంబరు 18, 2022
సరస్సు ఒడ్డు

దుర్గకు,

నీ ఉత్తరం చదివాను. ముళ్ళ గురించి డ్రైవరును నేను బండి దించిన రోజే అడిగాను, నీకు రాయలేదు. అతడు తాడు ముట్టుకోలేదన్నాడు. నీకు తెలియదని రాశావు. నిన్ను అనుమానించను. కాని నీకు తెలియకుండా ఆ గ్యారేజీలో పని చేయగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారు. తాళంచెవి ఒక్కటే అని ఆయనే చెప్పారు.

మెకానిక్ ఉన్నాడు. గ్యాస్టన్ అని, పెట్రోలు బంకు వెనుక షెడ్డు. అతని దగ్గరకు వెళ్ళలేదు. బండి కొని మూడు నెలలు కాకముందే మోసపోయానని ఈ ఊరంతా తెలియడానికి ఆ షెడ్డు చాలు. ఎవరు ఏం చేశారో ముందు తేలాలి. ఒకసారి మెకానిక్ చెయ్యి పడితే సాక్ష్యం చెరిగిపోతుంది. అందుకే నేను కూడా బానెట్ లోపల ప్లగ్గులు తప్ప వేరే ఏదీ విప్పలేదు.

రెండు రౌండ్లూ నడిచి చేశాను. పోను ఐదు, రాను ఐదు. మంచు చెప్పులు కట్టుకుంటే గంటకు రెండున్నర కిలోమీటర్లు. ఫోటోలు వేళకే పంపాను. శుక్రవారం బెర్నార్డ్ గారు ఫోను చేసి, "ఎవరో సరస్సు మీద నడుచుకుంటూ పోతున్నారని చెప్పారు, నువ్వేనా? బండి ఏమైంది?" అన్నారు. చిన్న రిపేరు అన్నాను. ఆయన అంతటితో ఫోను పెట్టేయడం నాకు నచ్చలేదు.

మీ వదిన అన్నది కూడా రాస్తాను, నిజాయతీ కోసం. "మీరు రిపేరు చేస్తోంది బండినా, అన్నయ్యగారినా?" అంది.

ఇప్పుడు నేను తేల్చుకున్నది రాస్తున్నాను. నేను ఇక్కడ నిలదొక్కుకోవడం బావగారికి మొదటి నుంచీ ఇష్టం లేదు. ఒక్క చలికాలం అన్నారు. అది గడవకముందే నేను తిరిగి వస్తానని బేస్‌మెంటు ఖాళీగా ఉంచారు. బండి సరిగా ఉంటే నేను తిరిగి రాను. ఈ మూడు విషయాలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడు. వస్తానన్నారు, కలిసి విప్పుదామన్నారు. ఏది ఎక్కడ ఉందో తెలిసినవారికి విప్పడం తేలిక.

ఆయన రానక్కరలేదు. ఇకపై ఆయన పేరున ఏ సహాయమూ నాకు వద్దు.

కోదండరామ్


మంగళవారం, డిసెంబరు 27, 2022
బ్రాంప్టన్

అన్నయ్యకు,

నీ ఉత్తరం ఈసారి మీ బావే కవరు చింపారు. నేను పనిలో ఉన్నాను. వచ్చేసరికి కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టుకుంటూ చదువుతున్నారు. ఆయన తెలుగు చదవడం నేను చూసి చాలా కాలమైంది. చదివి మడిచి, మడత మీద గోరుతో గీసి, మసాలా డబ్బాల పక్కన పెట్టారు.

"అన్నం పెట్టనా?" అన్నాను.

"పెట్టు."

అంతే. నాలుగు రోజులు నాతో ఆ ఒక్క మాటే. నిన్న బేస్‌మెంటు ఇద్దరమ్మాయిలకి ఇచ్చేశారు. కరీంనగర్ నుంచి వచ్చి ఇక్కడ కాలేజీలో చదువుతున్నారు. సామాన్లు కూడా దింపేశారు. కాబట్టి ఇక నీకు ఇక్కడ గది లేదన్నయ్యా. నువ్వు అడగలేదు కానీ చెబుతున్నాను, దాన్ని ఎందుకు ఖాళీగా ఉంచారో. ఆ పిల్లలకి తాళం ఇచ్చి వచ్చి, అప్పుడు నాతో అన్నారు: "మంచు మీద నడుము విరిగినా, ఉద్యోగం పోయినా, ఆ మనిషి ఇంకొకరి గుమ్మం తొక్కడు. గది సిద్ధంగా ఉంటే అడగక్కర్లేకుండా వస్తాడనుకున్నా." నువ్వు ఓడిపోతావని ఆయన అనుకున్న మాట నిజం. అది నేను దాచను. కానీ ఓడిపోవాలని కోరుకోలేదు.

ఇప్పుడు నా సంగతి. ముళ్ళు విప్పింది నేను.

దసరా రోజు ఆయన లారీకి, కారుకి, గడ్డి కోసే మిషనుకి కూడా బొట్టు పెట్టాం. అన్నిటికీ చేసి, ఒక్క నీ బండికి చేయకుండా ఎలా వదలను? గడ్డకట్టిన నీళ్ళ మీద మా అన్నని మోసుకుపోయే బండి అది. మీ బావ లారీ కడుగుతుంటే నేనొక్కదాన్నే విప్పాను. నీ పేరు, గోత్రం చెప్పి అక్షింతలు వేశాను. కొబ్బరి చెక్క, బెల్లం ముక్క, మిగిలిన అక్షింతలు ఎర్రగుడ్డలో కట్టాను. పైన పెడితే నీకు కనపడుతుంది, ముట్టుకోవద్దన్నాను కదా అంటావు. అందుకని ఆ మూత ఎత్తి లోపల, ఎక్కడో సందులో పెట్టేశాను. మళ్ళీ కట్టేటప్పుడు లెక్క పదకొండు వచ్చేదాకా కట్టాను.

నీ మొదటి ఉత్తరంలో "ఎవరూ అంటే ఎవరూ" చదివాక నోరు రాలేదు. ఒకసారి ముట్టుకోలేదని రాశాక, రెండోసారి ఇంకా కష్టమైంది. నేను నోరు మూసుకున్నందుకు ఆయన మాట పడ్డారు.

దీనికీ పొగకీ సంబంధం లేదనే అనుకుంటున్నాను. ముళ్ళకి మాత్రం నేనే.

దుర్గ


బుధవారం, డిసెంబరు 28, 2022
సరస్సు ఒడ్డు

దుర్గకు అన్నయ్య రాయునది.

నా పోయిన ఉత్తరానికి నీ జవాబు ఇంకా రాలేదు. రాకముందే ఇది రాయవలసి వచ్చింది.

శుక్రవారం ఇరవైమూడున తుఫాను. చేయి చాపితే వేళ్ళు కనపడలేదు. నడిచి వెళ్ళడానికి వీలు లేదు. బండి పనిచేసి ఉంటే గాలి లేచేలోగా పొద్దున్నే వెళ్ళి వచ్చేవాణ్ణి. రౌండు తప్పింది. బెర్నార్డ్ గారు ఒకే ఒక్క వాక్యం పంపారు: "ఇది మొదటిది." నిన్న నడిచి వెళ్ళాను. నాలుగో కాటేజీలో పైపు పగిలి వంటగది నేలంతా మంచు పరుచుకుని ఉంది. రెండు గంటలు గొడ్డలి వెనుక వైపుతో కొట్టి తీశాను.

ఇంటికి వచ్చాక మీ వదిన అన్నం పెట్టలేదు. బండిని మంచులో లాగే స్లెడ్జి మీద ఎక్కించి గ్యాస్టన్ షెడ్డుకు తీసుకువెళ్తేనే పెడతానంది. "సాక్ష్యం పోతుందని ఉద్యోగం పోగొట్టుకుంటారా? ఆ బండి మాట్లాడదు. మీరే దాని తరఫున మాట్లాడుతున్నారు" అంది.

ఈ ఉదయం తీసుకువెళ్ళాను. గ్యాస్టన్ బానెట్ ఎత్తి, రెండు క్లిప్పులు విప్పి, ఇంజనుకు గాలి వెళ్ళే పెట్టె మూత తీశాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మూడు వారాలుగా నేను దాని చుట్టూ తిరుగుతూ ఎవరి మీద అనుమానం సరిపోతుందో చూస్తూ ఉన్నాను కాని ఆ రెండు క్లిప్పులు విప్పలేదు.

లోపల ఎలుక గూడు. సీటు దూది, కొబ్బరి పీచు, ఎర్రగుడ్డ పీలికలు. అక్కడక్కడ పసుపుపచ్చని గింజలు. గాలి ఆడక ఇంజను ఉక్కిరిబిక్కిరి అయింది. ఒక తీగ కూడా కొరికి ఉంది. గ్యాస్టన్ ఆ గింజలు అరచేతిలో పోసుకుని వెలుతురులో చూసి, ముఖం గంభీరంగా పెట్టి అన్నాడు: "ఇవి ఎలుకలు తెచ్చుకున్నవి కావు. రంగు వేసిన గింజలు, మందు కలిపినవి. ఎవరో కావాలని పెట్టారు. నీ మీద ఎవరికైనా కక్ష ఉందా?"

దుర్గా, మూడు వారాలుగా నేను వెతుకుతున్న సాక్షి ఎదురుగా నిలబడి నాకు కావలసిన వాంగ్మూలం ఇస్తున్నాడు. అవునంటే చాలు. కాని ఆ గింజలు చూసిన క్షణంలోనే నాకు అంతా తెలిసిపోయింది. ఆ ముళ్ళు ఎవరివో తెలిసిపోయింది. దసరా ఏ తేదీన వచ్చిందో లెక్క వేసుకోవలసిన అవసరం కూడా లేకపోయింది.

"మందు కాదు. పసుపు, బియ్యం. నేను ఈ సరస్సు క్షేమంగా దాటాలని మా చెల్లెలు వేసింది" అన్నాను.

అతను గింజలను మళ్ళీ వెలుతురులో పెట్టి చూశాడు. "ఇంజనులోనా?" అన్నాడు.

"బయట వేస్తే నేను కోప్పడతానని భయపడింది" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఇంగ్లీషులో వచ్చాక, అది ఎంత సిగ్గుపడవలసిన మాటో నాకే వినపడింది.

సాయంత్రానికి బండి బాగయింది. ఒక్క లాగుకే అందుకుంది.

ఇక్కడ "బావగారిపై నేను మోపిన అభియోగాలన్నిటినీ ఇందుమూలంగా ఉపసంహరించుకుంటున్నాను" అని రాశాను. మీ వదిన భుజం మీదుగా చదివి, "ఇది క్షమాపణా, కోర్టు కాగితమా?" అంది. కొట్టివేసి మళ్ళీ రాస్తున్నాను. బావగారూ, మీరు నాకు ఏ హానీ తలపెట్టలేదు. నాకు అన్నం పెట్టినవారిని నేనెప్పుడూ తేరిపార చూడలేకపోయాను. మీరు తప్పు చేసినట్టు తేలితే తల ఎత్తుకోవచ్చునని లోపలెక్కడో ఆశపడ్డాను. అది తేలకపోయేసరికి నేనే తేల్చేశాను. క్షమించండి. వీలైతే రండి.

దుర్గా, నిన్ను ఒక్క మాట కూడా అనను. ఈ ఉత్తరాన్ని ఆయనకు పూర్తిగా చదివి వినిపించు. ఏ వాక్యమూ మింగవద్దు.

కోదండరామ్


మంగళవారం, జనవరి 10, 2023
బ్రాంప్టన్

అన్నయ్యకు, వదినకు,

మన ఉత్తరాలు రెండూ దారిలో ఎదురుపడ్డాయన్నమాట. ఎలుకల సంగతి రెండుసార్లు చదివాను. బెల్లం ముక్క పెట్టేటప్పుడు వేలు కూడా నాకాను, ఎంత తియ్యగా ఉందో! ఎలుకలకి తెలియదా? బండి గొంతు పిసికింది నా చేతులే. తిట్టనన్నావు. నువ్వు తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

మీ బావకి మొత్తం చదివాను. "అన్నం పెట్టినవారిని" దగ్గర ఆగి, ఆ వాక్యం మళ్ళీ మొదలుపెట్టాను. ఆయన నీళ్ళ గ్లాసు ఇటు జరిపారు. అయిపోయాక లేచి గుమ్మం దగ్గర అలమర తెరిచి చూశారు. తర్వాత, "నా పెద్ద బూట్లు ఎక్కడున్నాయి?" అన్నారు.

"ఎందుకండీ?"

"వచ్చే సోమ, మంగళ, బుధవారాలు సెలవు పెడతాను. మీ అన్న వీలైతే రమ్మన్నాడుగా."

అంతలో మళ్ళీ, "వెళ్ళి నేనేం మాట్లాడాలే?" అని నన్నే అడిగారు. మీరిద్దరూ ఇరవై ఏళ్ళుగా బావా బావా అనుకుంటున్నారు, ఏం మాట్లాడాలో తెలీదట.

కోపం పూర్తిగా పోయిందని అనుకోకు. నిద్రలో కూడా బేస్‌మెంటు మాటే గొణిగారు. నువ్వు అవసరానికి మించి రాజీపడిపోయి ఆయన్ని ఇబ్బంది పెట్టకు. మామూలుగా ఉండు. నీకు మామూలుగా ఉండటం వస్తే.

చెవులకి రుమాలు పంపుతున్నాను.

దుర్గ


బుధవారం, జనవరి 18, 2023
సరస్సు ఒడ్డు

దుర్గకు,

బావగారు ఈ ఉదయం బయల్దేరారు. ఈ ఉత్తరం కన్నా ముందే ఇల్లు చేరి ఉంటారు. ఆయన నీకు ఏమి చెప్పి ఉంటారో ఊహించగలను. అయినా నా వైపు నుంచి జరిగింది జరిగినట్టు రాయడం నా బాధ్యత.

ఆదివారం సాయంత్రం వచ్చారు. ఇద్దరం రోడ్ల గురించి, లారీ టైర్ల గురించి, రూప చదువు గురించి మాట్లాడుకున్నాం. సోమవారం కూడా అవే మాట్లాడుకున్నాం. బండి దగ్గరకు వెళ్ళినప్పుడు ఆయన దాని చుట్టూ తిరిగి, చేతులు వెనక్కు కట్టుకుని నిలబడ్డారు. "ముట్టుకోవచ్చా?" అని అడిగారు. హాస్యానికి అన్నారో, నిజంగా అడిగారో నాకు అర్థం కాలేదు. "ముట్టుకోండి" అన్నాను. ఒక్క వేలు ఆనించి తీసేశారు.

నిన్న మంగళవారం, రౌండు. మధ్యాహ్నం నుంచి గాలి పెరుగుతుందని రేడియోలో చెప్పారు. బెర్నార్డ్ గారికి ఒక రౌండు ఇప్పటికే బాకీ పడ్డాను, ఇది తప్పితే ఉద్యోగం పోయినట్టే. "నేనూ వస్తా" అన్నారు బావగారు. వెనుక కూర్చున్నారు. మొదట సీటు పట్టుకున్నారు. సరస్సు మీదకు దిగగానే నా నడుము పట్టుకున్నారు.

ఒడ్డు నుంచి అరకిలోమీటరు పోయామో లేదో, బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

అటు చూసినా ఇటు చూసినా తెలుపు తప్ప ఏమీ లేదు. నేను తాడు లాగాను. అందుకోలేదు. ఇంకో ఐదుసార్లు లాగాను. ఆయన దిగి, నాలుగడుగులు దూరంగా వెళ్ళి, రెండు చేతులూ పైకెత్తి చూపించారు. "చూడు బావా, నేనేమీ ముట్టుకోలేదు" అన్నారు. ఆయన ముఖంలో నవ్వు లేదు. నేను మళ్ళీ ఆయన మీదకే వస్తానని నిజంగానే భయపడుతున్నారు. యాభై రెండేళ్ళ మనిషి, గడ్డకట్టిన నీళ్ళ మీద చేతులెత్తి నిలబడి ఉన్నారు, నా ముందు.

నిజం రాస్తాను. ఆ క్షణంలో కూడా నా మనసు ముందుగా వెళ్ళింది గ్యాస్టన్ మీదకు. ఆ తీగ సరిగా కలపలేదేమో అనుకున్నాను. మాట నోటి చివరి వరకూ వచ్చింది. మింగి, వంగి, ఈసారి మనిషిని కాకుండా బండిని చూశాను. పెట్రోలు కుళాయి మూసి ఉంది. బండి ఆపినప్పుడు దాన్ని మూయాలనీ, బయల్దేరే ముందు తెరవాలనీ మాన్యువల్‌లోనే ఉంది. సోమవారం మూసింది నేను. తెరవడం మరచిపోయింది నేను. గొట్టంలో మిగిలిన చుక్కలతో అంతదూరం వచ్చాం.

కుళాయి తిప్పి చడీచప్పుడు లేకుండా తాడు లాగి ఉండవచ్చు. ఏమైందో ఆయనకు ఎప్పటికీ తెలిసేది కాదు. యంత్రం అన్నాక ఆగుతుంది అంటే సరిపోయేది.

"బావగారూ, పెట్రోలు కుళాయి నేనే మూసి మరచిపోయాను. తప్పు నాది" అన్నాను.

ఆయన చేతులు దించలేదు. "ఏంటీ? గాలికి వినపడలేదు" అన్నారు.

గాలి అంత లేదు, దుర్గా. అయినా గట్టిగా చెప్పాను. సరస్సు మీద ఎంత గట్టిగా అరవాలో అంత గట్టిగా అరిచాను.

అప్పుడు చేతులు దించారు. వచ్చి వెనుక కూర్చుని, నా నడుము చుట్టూ చేతులు వేసుకుని, చెవి దగ్గర అన్నారు:

"ఈ మాట మాత్రం ఉత్తరంలో రాయి బావా. నకలు నాకూ ఒకటి ఇవ్వు."

తొమ్మిది ఫోటోలూ రెండున్నరకల్లా పంపాను. కుళాయి మాట నిన్న రాత్రే కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను, ఆ నకలు ఆయన కోటు జేబులో ఉంది. చదివి వినిపించమంటారు. చదువు.

మీ అన్నయ్య
కోదండరామ్